యుద్ధానికి పనికొచ్చినవాళ్లు, శాంతికి పనికిరాలేదట!
తాత్కాలిక కమిషన్ నుంచి పర్మనెంట్ కమిషన్ దాకా ఒక చరిత్ర

టెంపరరీ, పర్మనెంట్. ఈ రెండు మాటల అర్థం మన వాడల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నెలకు 398 రూపాయలకు బడులు నడిపిన స్పెషల్ టీచర్లకు తెలుసు. రోడ్డు పనిలో, నీళ్ల ట్యాంకు దగ్గర, మున్సిపాలిటీ చీపురు పట్టుకుని ఏళ్లకేళ్లు ఎన్.ఎం.ఆర్.లుగా చాకిరీ చేసినవాళ్లకు తెలుసు. 1994లో జి.ఓ. 212 వచ్చినప్పుడు, 1993 నవంబర్ 25 నాటికి అయిదేళ్లు నిండాయా లేదా అని పాత మస్టర్ రోళ్లు వెతుక్కున్నవాళ్లకు ఇంకా బాగా తెలుసు. చేసే పని ఒకటే, చేసే మనిషీ ఒకడే. కాగితం మీద ముద్ర పడితే జీతం, పెన్షన్, పరువు. పడకపోతే 'రేపట్నుంచి రావద్దు'.

ఇదే కథ సైన్యంలో కూడా ఉంది. అక్కడ ఆ ముద్ర పేరు పర్మనెంట్ కమిషన్. యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ప్రభుత్వానికి అఫీసర్లు చాలరు. అప్పుడు రిజర్వు అఫీసర్లనీ, ఎమర్జెన్సీ కమిషన్ అనీ, షార్ట్ సర్వీస్ అనీ రకరకాల పేర్లతో మనుషుల్ని పిలుస్తారు. కొద్ది నెలల శిక్షణ ఇచ్చి భుజాల మీద చుక్కలు పెట్టి ముందుకు తోస్తారు. యుద్ధం అయిపోయాక వాళ్లలో కొందరిని ఏరి రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవాళ్లను ఇంటికి పంపుతారు. ఆ ఏరేవాళ్లెవరు? ఏ కాగితం చూసి ఏరుతారు? ఆ గడప దాటినవాళ్లెవరు, దాటనివాళ్లెవరు? సైనిక చరిత్రలు యుద్ధాల గురించి వందల పేజీలు రాస్తాయి, ఈ గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక పేరాతో సరిపెడతాయి. దళితుల వైపు నుంచి చూస్తే అసలు కథ ఆ పేరాలోనే ఉంది.

రెండు నిచ్చెనలు

బ్రిటిష్ వాళ్ల ఇండియన్ ఆర్మీలో పైకెక్కడానికి రెండు నిచ్చెనలుండేవి. ఒకటి ఇండియన్లది. సిపాయిగా చేరి, నాయక్, హవల్దార్ అయి, జమాదార్, సుబేదార్, చివరికి సుబేదార్ మేజర్ దాకా పోవచ్చు. అది వైస్రాయి ఇచ్చే కమిషన్. ముప్పయ్యేళ్లు సర్వీసు చేసిన సుబేదార్ మేజర్ అయినా, నిన్నగాక మొన్న ఓడ దిగిన తెల్ల లెఫ్టినెంటుకు సలాం కొట్టాల్సిందే. రెండోది కింగ్స్ కమిషన్, అంటే రాజుగారి పేరు మీద ఇచ్చే అసలు అఫీసరు పదవి. ఇండియన్ రెజిమెంట్లలో తెల్లవాళ్ల మీద కూడా అధికారం చెల్లే ఆ కమిషన్ ఇండియన్లకు 1917 దాకా అందలేదు. ఆ ఏడాది తొమ్మిదిమందికి ఇచ్చారు.

రిజర్వు వ్యవస్థలో కూడా ఇదే రంగు గీత. ఇండియన్ ఆర్మీ రిజర్వ్ ఆఫ్ ఆఫీసర్స్ అనేది ఇక్కడ కాపురమున్న యూరోపియన్లది. తోటల యజమానులు, రైల్వే అధికారులు, సివిల్ ఉద్యోగులు అందులో పేరు రాయించుకునేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్లు యూనిఫారం వేసుకుని ఇండియన్ సిపాయిల మీద అఫీసర్లయ్యారు. యుద్ధం తర్వాత 1920లో రెండు చట్టాలు చేశారు. ఆగ్జిలరీ ఫోర్స్ యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ. టెరిటోరియల్ ఫోర్స్ ఇండియన్లకు. అంటే అవసరానికి పిలిచే సైన్యాన్ని కూడా పుట్టుక చూసే విడగొట్టారు. పుట్టుక చూసి విడగొట్టడం మనకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదనుకోండి.

అయితే గడప దాటడం అసలు సాధ్యం కాదా? దాటినవాళ్లున్నారు. 1918లో ఇందూరులోని డేలీ కాలేజీలో ఇండియన్ల కోసం యుద్ధకాలపు కేడెట్ కాలేజీ ఒకటి పెట్టారు. కొడగుకు చెందిన కె.ఎం. కరియప్ప అక్కడినుంచే 1919 డిసెంబరులో బయటికొచ్చారు. ఆయనకు మొదట ఇచ్చింది తాత్కాలిక కమిషన్. తర్వాత 1920 జూలై తేదీ వేసి దాన్ని పర్మనెంట్ చేశారు. 1949 జనవరి 15న భారత సైన్యానికి మొదటి ఇండియన్ కమాండర్ ఇన్ చీఫ్ అయిన మనిషి సైన్యంలో అడుగుపెట్టింది టెంపరరీగానే.

కాబట్టి టెంపరరీగా చేరడం తప్పు కాదు, చిన్నతనమూ కాదు. కానీ టెంపరరీగా చేరడానికి కూడా ముందొక అరుగు ఎక్కాలి. ఇంగ్లీషు చదువు కావాలి, సిఫారసు కావాలి, ఖర్చు పెట్టుకోగల కుటుంబం కావాలి, అన్నిటికీ మించి 'యోధజాతి' అన్న పేరు కావాలి. ఆ అరుగు మీదికి మనవాళ్లను ఎందుకు రానివ్వలేదో ఇప్పుడు చూద్దాం.

కులానికి కులమే టెంపరరీ

మామూలుగా టెంపరరీ అంటే ఒక మనిషి సంగతి. ఇండియన్ ఆర్మీలో అంటరాని కులాలకు కులాలే టెంపరరీ.

ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో మహర్లు మొదట్నుంచీ ఉన్నారు. 1818 జనవరి 1న కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యాన్ని నిలబెట్టినవాళ్లలో వాళ్లున్నారు. అక్కడి స్తంభం మీద మహర్ల పేర్లు 22 కనిపిస్తాయి. మద్రాసు సైన్యంలో, ముఖ్యంగా శాపర్స్ అండ్ మైనర్స్ లో, పరయలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తెలుగు సిపాయిల పేరు ఎంత దూరం పోయిందంటే, బెంగాల్ వైపు కంపెనీ సిపాయినే 'తిలంగా' అనేవారు.

1857 తర్వాత గాలి మారింది. లార్డ్ రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం ఇండియాకు కమాండర్ ఇన్ చీఫ్ గా ఉన్నాడు. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని, పంజాబు, నేపాలు, సరిహద్దు ప్రాంతాల 'యోధజాతులే' అసలు సైనికులని అతని సిద్ధాంతం. తెలుగు సిపాయిలకు తలుపు మూసుకుపోయింది ఈ కాలంలోనే. 1892-93 నాటికి మహర్లను చేర్చుకోవడం కూడా ఆపేశారు. డెబ్భయి ఎనభయ్యేళ్లు పనికొచ్చిన కులం ఒక్క హుకుంతో పనికిరానిదైపోయింది.

దీంతో పోయింది సిపాయి జీతం ఒక్కటే కాదు. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్ మేజర్ హోదా దాకా వెళ్లి, సైనిక పాఠశాలలో హెడ్ మాస్టరుగా పనిచేశారు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజుల్లో మహర్ సైనిక కుటుంబాలకు చదువు దొరికింది ఈ కంటోన్మెంటు బడుల్లోనే. అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టారు. ఆ తర్వాత రెండేళ్లకల్లా ఆయన కులానికి ఆ తలుపు మూసుకుపోయింది. రిటైరైన మహర్ సైనికుడు గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో దీని మీద అర్జీ రాశారు. 1910లో శివరాం జన్బా కాంబ్లే లండన్ లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ దాకా అర్జీ పంపారు.

ఆ అర్జీలు విన్నది ఎవరో కాదు, యుద్ధం! 1917లో మనుషులు చాలక 111వ మహర్స్ అని ఒక పటాలం లేవదీశారు. యుద్ధం ముగిసింది, 1921కల్లా అది మాయమైంది. ఇది ఒక కులానికి ఇచ్చిన ఎమర్జెన్సీ కమిషన్ లాంటిది. అవసరం తీరాక రద్దు.

ఇక్కడే అఫీసర్ల సంగతి ముడిపడి ఉంది. 1932లో డెహ్రాడూన్ లో ఇండియన్ మిలిటరీ అకాడమీ తెరిచారు. ఒక్కో బ్యాచిలో 40 సీట్లు. అందులో 15 పోటీ పరీక్షకు, 15 సైన్యంలో కిందినుంచి ఎదిగినవాళ్లకు, 10 సంస్థానాలకు. వినడానికి బాగానే ఉంది. కిందినుంచి ఎదిగిన సిపాయికి కూడా అఫీసరయ్యే దారి పెట్టారు కదా అనిపిస్తుంది. కానీ సిపాయిగానే చేరనివ్వని కులం కిందినుంచి ఎలా ఎదుగుతుంది? పోటీ పరీక్ష సీట్లకు ఇంగ్లీషు చదువు, డబ్బు అడ్డం. సంస్థానం సీట్లకు రాజుగారి దయ కావాలి. మూడు తలుపులూ చట్టప్రకారం తెరిచే ఉన్నాయి, మూడింటి ముందూ గోడ ఉంది. ఏ కాగితం మీదా 'అంటరానివాళ్లు అఫీసర్లు కారాదు' అని రాయనక్కర్లేకుండానే పని జరిగిపోయింది.

అంబేద్కర్ ఈ సంగతి గట్టిగా పట్టుకున్నారు. 1940లో వచ్చిన పాకిస్తాన్ పుస్తకంలో ఇండియన్ ఆర్మీలో ఏ ప్రాంతం వాళ్లెందరు, ఏ మతం వాళ్లెందరు అని లెక్కలు తీసి మరీ చర్చించారు. యోధజాతులు, యోధులు కాని జాతులు అనే విభజన పుట్టుకతో వచ్చింది కాదని, 1857లో ఎవరు ఎటు నిలబడ్డారన్న లెక్క నుంచి పుట్టిందని వాదించారు. 1941లో డిఫెన్స్ అడ్వైజరీ కమిటీ సభ్యుడయ్యాక మహర్ రెజిమెంటు కోసం పట్టుబట్టారు. ఆ ఏడాది అక్టోబర్ 1న బెల్గాంలో దాని మొదటి బెటాలియన్ లేచింది. వాళ్ల మొదటి టోపీ బిళ్ల మీద కోరేగావ్ స్తంభం ఉండేది.

ఎమర్జెన్సీ అఫీసర్ల రోజులు

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి ఇండియన్ ఆర్మీలో ఇండియన్ అఫీసర్లు కొన్ని వందలు. యుద్ధం ముగిసేసరికి ఎనిమిది వేలు దాటారు. దాదాపు అంతా ఎమర్జెన్సీ కమిషన్డ్ ఆఫీసర్లే. డెహ్రాడూన్ లో రెగ్యులర్ కోర్సులు ఆపేసి, కొద్ది నెలల శిక్షణతో బ్యాచి తర్వాత బ్యాచిని పంపారు. కాలేజీ కుర్రాళ్లు, గుమాస్తాలు, స్కూలు మాస్టర్లు రాత్రికి రాత్రి లెఫ్టినెంట్లయ్యారు. దక్షిణాదివాళ్లు పనికిరారన్న రాబర్ట్స్ సిద్ధాంతం ఈ అయిదారేళ్లలో చడీ చప్పుడూ లేకుండా అటకెక్కింది. యోధజాతి అన్నది ఎంత గట్టి సత్యమో దీన్నిబట్టే తెలుస్తుంది.

1943లో సెలక్షన్ బోర్డులు వచ్చాయి. అంతకుముందు పెద్దమనుషులు ఎదురుగా కూర్చుని కుటుంబం, కుదురు అడిగే ఇంటర్వ్యూ ఉండేది. కొత్త బోర్డులు కొన్ని రోజులపాటు దగ్గరుంచుకుని మనస్తత్వ పరీక్షలు, గుంపు పనులు, మాటలాడించడం లాంటివి పెట్టాయి. యుద్ధం తర్వాత రెగ్యులర్ కమిషన్ కోరుకున్న ఎమర్జెన్సీ అఫీసర్లు మళ్లీ ఇలాంటి బోర్డుల ముందు నిలబడ్డారు. రెజిమెంటులో పైఅఫీసరు రాసిన రిపోర్టు, బోర్డు ఇచ్చిన మార్కు, ఈ రెండే గడప. దాటనివాళ్లకు కొంత సొమ్ము చేతిలో పెట్టి సెలవన్నారు. దాటినవాళ్లకు అదృష్టం కలిసొచ్చింది. 1947లో బ్రిటిష్ అఫీసర్లు వెళ్లిపోయారు, దేశ విభజనతో ఇంకొందరు పాకిస్తాన్ వైపు పోయారు. పై కుర్చీలన్నీ ఒక్కసారి ఖాళీ. నిన్నటి టెంపరరీ లెఫ్టినెంట్లు గబగబా పైకెక్కారు.

మన తెలుగువాడి ఉదాహరణే చూడండి. కె.వి. కృష్ణారావు 1942 ఆగస్టు 9న ఎమర్జెన్సీ కమిషన్ తీసుకున్నారు. ఆయన చేరింది మహర్ రెజిమెంటులో. అక్కణ్నుంచి మొదలై 1981లో భారత సైన్యానికి అధిపతి అయ్యారు. 1986లో సైన్యాధిపతి అయిన కె. సుందర్జీ కూడా 1946లో కమిషన్ పొందింది మహర్ రెజిమెంటులోనే. అంబేద్కర్ పట్టుబట్టి తెచ్చిన రెజిమెంటు అయిదేళ్ల వ్యవధిలో దేశానికి ఇద్దరు సైన్యాధిపతుల్ని ఇచ్చింది. రెజిమెంటుకు అది గర్వకారణమే, వాళ్ల ప్రతిభను తక్కువ చేయాల్సిన పనీ లేదు. కానీ వాళ్లిద్దరూ మహర్లు కారు. సిపాయిల వరసలో మహర్లు, వాళ్లను నడిపే చోట వేరేవాళ్లు. ఒకే రెజిమెంటులో, ఒకే యుద్ధంలో, సిపాయి మహర్ ఎక్కిన నిచ్చెన సుబేదారు దగ్గర ఆగింది. ఎమర్జెన్సీ లెఫ్టినెంటుగా వచ్చినవారి నిచ్చెన ఢిల్లీ సౌత్ బ్లాకు దాకా పోయింది. మనిషికీ మనిషికీ మధ్య తేడా ధైర్యంలో లేదు, ఏ నిచ్చెన దగ్గర నిలబెట్టారన్న దాంట్లో ఉంది.

మహర్ రెజిమెంటుకు ఇంకో మేలు జరిగింది. 1946లో దాన్ని మెషిన్ గన్ రెజిమెంటుగా మార్చి నిలిపారు. అంటే ఒక కులం దళం పర్మనెంటయింది. చమార్ రెజిమెంటుకు ఆ అదృష్టం లేదు. 1943 మార్చి 1న లేవదీశారు, బర్మా సరిహద్దులో పోరాడించారు, కొహిమా యుద్ధగౌరవం దానికి దక్కింది. 1946లో రద్దు చేశారు. కొహిమాలో పనికొచ్చినవాళ్లు ఇంతలోనే ఎలా పనికిరాకుండా పోయారు? దాన్ని తిరిగి నిలబెట్టాలన్న కోరిక ఉత్తరాది దళితుల నోట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

సముద్రం అవతల అదే గడప

1946లోనే అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయ్ కి ఉత్తరం రాశారు, రెండు జాతుల బాధలకూ పోలిక ఉందని. ఆ పోలిక సైన్యం దగ్గర ఎంత దగ్గరగా ఉందో చూస్తే మన గడప ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

అమెరికాలో 1916 చట్టం అఫీసర్ల రిజర్వు దళాన్నీ, కాలేజీల్లో రిజర్వు అఫీసర్ల శిక్షణనూ ఏర్పాటు చేసింది. మరుసటేడు ఆ దేశం యుద్ధంలో దిగింది. నల్లవాళ్లకు కూడా అఫీసరు శిక్షణ కావాలని నల్ల విద్యార్థులు, సంఘాలు పోరాడితే అయోవా రాష్ట్రంలోని ఫోర్ట్ డిమాయిన్ లో వేరే శిబిరం పెట్టారు. 1917 అక్టోబరులో 639 మంది కమిషన్ తీసుకుని బయటికొచ్చారు. ఎవరికీ కెప్టెన్ మించిన హోదా ఇవ్వలేదు. అదే సమయంలో, రెగ్యులర్ సైన్యంలో ఉన్న పెద్ద నల్ల అఫీసరు, వెస్ట్ పాయింట్ లో చదివిన కల్నల్ చార్లెస్ యంగ్ ను రక్తపోటు సాకు చెప్పి రిటైర్ చేశారు. ఆయన 1918లో ఒహాయో నుంచి వాషింగ్టన్ దాకా దాదాపు 500 మైళ్లు గుర్రం మీద వెళ్లి తన ఆరోగ్యం రుజువు చేసుకున్నారు. అయినా యుద్ధం ఆఖరి రోజుల దాకా పిలవలేదు. చచ్చిపోయి వందేళ్లయ్యాక, 2022లో ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు.

ఆ 639 మంది సంగతేమిటి? ఫ్రాన్సులో 92వ డివిజన్ లోని ఒక రెజిమెంటు 1918 సెప్టెంబరు దాడిలో తడబడింది. సరైన సామాను, సరైన పటాలు ఇవ్వలేదన్న మాట పక్కనబెట్టి నల్ల అఫీసర్లదే తప్పని తెల్ల కమాండర్లు రిపోర్టులు రాశారు. అదే యుద్ధంలో ఫ్రెంచివాళ్ల కింద పోరాడిన 369వ నల్ల రెజిమెంటు వీరపతకాలు తెచ్చుకుంది. లెక్కలోకి తీసుకుంది మొదటి రిపోర్టుల్నే. 1925లో ఆర్మీ వార్ కాలేజీ ఆ రిపోర్టుల ఆధారంగా, నల్లవాడు నాయకత్వానికి పనికిరాడని ఒక పెద్ద నివేదిక తయారు చేసింది. దాని ఫలితం 1940లో చూడొచ్చు. ఆ నాటికి రిజర్వులో నల్ల అఫీసర్లు కొన్ని వందలమంది ఉన్నారు. ఎక్కువగా హోవార్డ్, విల్బర్ ఫోర్స్ విశ్వవిద్యాలయాల్లో శిక్షణ పొందినవాళ్లు. మతబోధకుల్ని మినహాయిస్తే రెగ్యులర్ సైన్యంలో నల్ల అఫీసర్లు ఇద్దరే ఇద్దరు. బెంజమిన్ డేవిస్, ఆయన కొడుకు. తండ్రీ కొడుకుల్లో ఎవరూ డిమాయిన్ శిబిరం వాళ్లు కారు. కొడుకుతో వెస్ట్ పాయింట్ లో నాలుగేళ్లపాటు తోటి కేడెట్లు ఒక్క మాట మాట్లాడలేదు. దాన్ని మన భాషలో వెలి అంటారు.

1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ 9981 నంబరు ఉత్తర్వు ఇచ్చి సైన్యంలో సమానత్వం అన్నాడు. అమలు చూడ్డానికి ఒక కమిటీ వేశారు, అది అంకెలు అడిగింది, సైన్యం చేత జవాబు చెప్పించింది. 1950లో నల్లవాళ్ల సంఖ్యకు పెట్టిన పరిమితి ఎత్తేశారు. న్యూయార్కు సిటీ కాలేజీలో రిజర్వు అఫీసర్ల శిక్షణ పొంది 1958లో చేరిన కొలిన్ పావెల్ 1989లో అమెరికా సైనిక దళాలకు ఉమ్మడి అధిపతుల ఛైర్మన్ అయ్యారు. అక్కడ వివక్ష పోయిందని ఎవరూ అనరు. కానీ ఎన్ని చుక్కల అఫీసర్లలో నల్లవాళ్లు ఎందరన్న లెక్క అక్కడ ప్రచురిస్తారు. లెక్క ఉంటే తగాదా పడొచ్చు. మన దగ్గర అదీ లేదు.

1962: మళ్లీ ఎమర్జెన్సీ

స్వతంత్రం వచ్చాక ఈ గడప మళ్లీ పెద్దగా కనబడింది చైనా యుద్ధంతో. 1962 అక్టోబర్ 26న ఎమర్జెన్సీ ప్రకటించారు. అఫీసర్ల కొరత తీర్చడానికి మద్రాసులో, పూనాలో శిక్షణ పాఠశాలలు తెరిచి ఎమర్జెన్సీ కమిషన్లు ఇచ్చారు. తర్వాత దాని స్థానంలో షార్ట్ సర్వీస్ కమిషన్ వచ్చింది. 1965 యుద్ధంలో ముందువరసలో నిలబడినవాళ్లలో ఈ కుర్ర అఫీసర్లు చాలామంది. కొరత తీరాక మళ్లీ పాత పద్ధతే. బోర్డులు, రిపోర్టులు, కొందరికి పర్మనెంట్ కమిషన్, మిగతావాళ్లకు విడుదల.

కానీ ఈసారి విడుదలైనవాళ్లను ప్రభుత్వం గాలికి వదల్లేదు. 1962 నవంబర్ 1 తర్వాత, 1968 జనవరి 10 లోపు కమిషన్ పొందిన ఎమర్జెన్సీ, షార్ట్ సర్వీస్ అఫీసర్లకు కేంద్ర సివిల్ సర్వీసుల్లో ఖాళీలు రిజర్వు చేసింది. సైన్యంలో చేసిన కాలాన్ని సీనియారిటీలో కలిపింది. న్యాయమే. దేశం కోసం చదువూ వయసూ పోగొట్టుకున్నవాళ్లకు దేశం బాకీ పడింది, తీర్చింది. మన ప్రశ్న వేరు. అవి కూడా రిజర్వేషన్లే కదా! సీనియారిటీ తగాదాలు కోర్టులకెక్కాయి గానీ, మెరిట్ చచ్చిపోతోందని 1990లో మండల్ మీద లేచినట్టు ఎవరూ లేవలేదు. పోగొట్టుకున్న అవకాశానికి పరిహారంగా రిజర్వేషన్ ఇవ్వడం న్యాయమని అందరికీ అర్థమైంది. అయిదేళ్లు పోగొట్టుకున్నవాడి విషయంలో అర్థమైన న్యాయం, తరాలు పోగొట్టుకున్నవాడి విషయంలో ఎందుకర్థం కాదు?

సైన్యం లోపల మాత్రం ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. జగ్జీవన్ రాం 1970 నుంచి 1974 దాకా, 1977 తర్వాత మరోసారి రక్షణ మంత్రిగా ఉన్నా అది రాలేదు. సైన్యానికి కులం లేదు, అందరూ సమానమే అనేది ఎప్పుడూ చెప్పే జవాబు. కులం లేని సైన్యంలో రాజపుట్, జాట్, డోగ్రా పేర్లతో రెజిమెంట్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

రిపోర్టు రాసే చెయ్యి

ఈ గడప లోపల అన్యాయం ఎలా పనిచేస్తుందో విప్పి చూపించింది దళితుల కేసు కాదు, ఆడవాళ్ల కేసు. అందుకని అది మనం జాగ్రత్తగా చదవాలి.

1992లో ఆడవాళ్లను సైన్యంలోకి అఫీసర్లుగా తీసుకోవడం మొదలుపెట్టారు. మొదట అయిదేళ్లకు అన్నారు. పదేళ్లు చేశారు, తర్వాత 14 ఏళ్లు చేశారు. పర్మనెంట్ కమిషన్ మాత్రం న్యాయ, విద్యా శాఖల్లో తప్ప లేదు. 14 ఏళ్లు చేసినా పెన్షన్ లేదు. అఫీసరుకు పెన్షన్ రావాలంటే 20 ఏళ్లు నిండాలి. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో సుప్రీం కోర్టు, ఆడవాళ్లకు కూడా పర్మనెంట్ కమిషన్ ఇవ్వాల్సిందేనని చెప్పింది. సైన్యం బోర్డు పెట్టింది, చాలామందిని తిప్పి పంపింది. మళ్లీ కోర్టుకెళ్లారు. 2021 మార్చి 25న నితీష కేసులో వచ్చిన తీర్పు అసలైంది.

కోర్టు ఏం గమనించిందంటే, ఈ అఫీసర్ల వార్షిక రహస్య రిపోర్టులు రాసినవాళ్లు శ్రద్ధగా రాయలేదు. ఎందుకంటే వాళ్లు ఎలాగూ పర్మనెంట్ కారని రాసేవాళ్లకు తెలుసు. గొప్ప రిపోర్టు ఉంచుకుంటే పర్మనెంట్ అయ్యే మగ అఫీసరుకు పనికొస్తుంది, వెళ్లిపోయే మనిషికెందుకు? ఏళ్లు గడిచాక అవే రిపోర్టులు తీసి మార్కులు లెక్కేసి, 'నీకు అర్హత లేదు' అన్నారు. ఒంటి ఆరోగ్యం సంగతీ అంతే. మగవాళ్లను అయిదో ఏటో పదో ఏటో ఉన్న ఆరోగ్యంతో తూచారు. వీళ్లను నలభయ్యేళ్లు దాటాక తూచారు. నిబంధన పైకి అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం ఒకరికే. కోర్టు దీన్ని పరోక్ష వివక్ష అంది.

'వీడు ఉండడు' అని ముందే అనుకుంటారు. ఆ నమ్మకంతోనే రిపోర్టు రాస్తారు. చివరికి ఆ రిపోర్టునే 'వీడు ఉండదగినవాడు కాదు' అనడానికి రుజువుగా చూపిస్తారు. 1925 అమెరికా నివేదిక చేసిందీ అదే. రాబర్ట్స్ చేసిందీ అదే. మన యూనివర్సిటీల్లో వైవాలో, ఆఫీసుల్లో సి.ఆర్.లో జరిగేదీ అదే. అందుకే ఈ తీర్పు లా విద్యార్థులకే వదిలేయదగ్గది కాదు. పైకి సమానంగా కనబడే కొలబద్దను కోర్టులో ఎలా నిలదీయాలో అది దారి చూపింది.

మనం చేయాల్సిన పని

ఈ గడప ఇప్పుడు సిపాయి దాకా దిగింది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరిన కుర్రాడు నాలుగేళ్లు చేస్తాడు. ఆ తర్వాత నూటికి 25 మందిని మించకుండా ఏరి రెగ్యులర్ చేస్తారు, మిగతావాళ్లు ఇంటికి. ఎవర్ని ఏరుతారు? నాలుగేళ్లూ పైవాళ్లు ఇచ్చిన మార్కుల్ని బట్టి. ఊళ్లో భూమి లేని కుటుంబానికి మిలిటరీ ఉద్యోగం అంటే ఏళ్ల తరబడి అన్నం, తర్వాత పెన్షన్. ఏరివేతలో మనవాళ్లు ఎందరు నిలిచారు, ఎందరు పోయారు అన్న లెక్క బయటపెట్టకపోతే ఆ గడప దగ్గర ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. చేర్చుకునేటప్పుడు కులం సర్టిఫికెట్ అడుగుతారు. పంపేటప్పుడు ఆ లెక్క చెప్పమని అడగడం తప్పు కాదు.

కాబట్టి అడగాల్సినవి మూడున్నాయి. సెలక్షన్ బోర్డులకు వచ్చిన ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులెందరు, నెగ్గినవాళ్లెందరు? షార్ట్ సర్వీస్ లో పదేళ్లు నిండి పర్మనెంట్ కమిషన్ కోరిన దళిత అఫీసర్లెందరు, ఎందరికి ఇచ్చారు? నాలుగేళ్లు నిండిన అగ్నివీరుల్లో ఎవరెవర్ని ఉంచారు? పార్లమెంటులో మన సభ్యులు ఈ మూడు ప్రశ్నలు వేయాలి. సంఘాలు సమాచార హక్కు కింద అర్జీలు పెట్టాలి.

టీచర్లు, విద్యార్థులు చేయగలిగింది కూడా ఉంది. డిగ్రీ చదివే మన పిల్లల్లో చాలామందికి మిలిటరీ అంటే పరుగు పందెం, సిపాయి భర్తీ అనే తెలుసు. సి.డి.ఎస్. పరీక్ష ఒకటుందని, ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్ష లేకుండా సెలక్షన్ బోర్డుకు వెళ్లే దారి ఉందని చెప్పేవాళ్లు లేరు. సుబేదారు నిచ్చెన దగ్గరే వరస కట్టే అలవాటు మనమే మాన్పించాలి. ఇక చరిత్ర సంగతి. మన వాడల్లో మిలిటరీ వాళ్ల ఇళ్లున్నాయి. ట్రంకుపెట్టెల అడుగున డిస్చార్జి పుస్తకాలు, పెన్షన్ కాగితాలు, పతకాలు ఉన్నాయి. అవి చెదలు పట్టకముందే నకళ్లు తీసి దాచాలి. సంతకం పెట్టినవాడు ఏం రాశాడు, ఏ తేదీన రాశాడు, ఎందుకు పంపేశాడు, ఇవన్నీ వాటిలో ఉంటాయి. జి.ఓ. 212 నాడు పాత మస్టర్ రోలు దాచుకున్నవాడి ఉద్యోగమే నిలబడింది.